తూకానికి అమ్మిన చరిత్ర

మీ చరిత్ర ఎక్కడుంది అని అడిగితే మాకు ముందుగా చార్మినార్ చూపిస్తారు. తర్వాత గోల్కొండ. ఇంకా ఓపిక ఉన్నవాళ్లు సాలార్‌జంగ్ మ్యూజియం దాకా తీసుకపోతారు. 1951 డిసెంబర్‌లో తెరిచిన ఆ మ్యూజియంలో నూర్జహాన్ బాకు ఉంది, జహంగీర్ బాకు ఉంది. చూడాల్సినవే, కాదనం. కానీ ఆ బాకుల్ని మా ఇండ్లల్లో ఎవరూ పట్టలేదు. మా తాతలు పట్టినవి వేరే ఉన్నాయి. అవి నల్లగొండలో, మిర్యాలగూడలో, మహబూబ్‌నగర్‌లో పాత ఇనుప సామాన్ల దుకాణాల వెనక, చిల్లులు పడ్డ బకెట్ల కింద, తెగిన సైకిల్ చైన్ల నడుమ పడి ఉన్నాయి. కిలోల లెక్కన తూకానికి దొరుకుతాయి.

నాలుగేండ్ల కింద అట్లాంటి ఒక దుకాణంలో మాకు ఒక కట్టె ముక్క దొరికింది. నడుమ సన్నం, రెండు కొసలు లావు. చేత పట్టుకుంటే నడుమ భాగం అరచేతిలో సరిగ్గా ఇమిడింది. ఒక తల అంచున వేలు పట్టేంత గాడి. ఎంత అని అడిగితే దుకాణపాయన నవ్విండు. “కట్టెకు తూకం లేదు సాబ్. పొయ్యిల పెట్టుకోను తీస్కపొండ్రి” అన్నడు. అది దూదేకే దస్తా. ఆ గాడి నరం తగిలి తగిలి పడ్డది. ఎన్ని వేల సార్లు కొడితే కట్టె మీద నరం అంత లోతు గాడి పెడుతుందో లెక్క కట్టగలిగినవాళ్లు ఇవాళ ఏ దుకాణంలోనూ లేరు.

మేము ఈ పాత పనిముట్ల వెంట పడి పన్నెండేండ్లు దాటింది. ఉద్యోగం పేపర్లది. ఒకప్పుడు ఉర్దూ పేపరుకు, తర్వాత తెలుగు పేపరుకు వార్తలు రాసుకుంటూ ఈ రెండు పాత జిల్లాల్లో ఊరూరూ తిరిగినం. 2016లో నల్లగొండ మూడు జిల్లాలైంది, మహబూబ్‌నగర్ కూడా ముక్కలై, 2019లో నారాయణపేటతో కలిపి అయిదైంది. పేర్లు మారినా సంతలు మారలేదు. దేవరకద్ర సంత, పెబ్బేరు సంత, జాన్‌పహాడ్ ఉర్సు, కురుమూర్తి జాతర. పశువుల బేరాల పక్కన ఒక మూలకు గోనెసంచి పరిచి పాత కొడవండ్లు, బాడిశలు, ఉలులు, మొండి కత్తెరలు పెట్టుకొని ఎవరో ఒకరు కూచొనే ఉంటారు. అక్కడ దొరకనివి పట్నంలో జుమ్మేరాత్ బజార్‌లో దొరుకుతాయి. వార్త కోసం పోయి వస్తువుతో తిరిగొచ్చిన రోజులే ఎక్కువ.

ఇంట్లో ఇప్పుడు ఒక గది నిండా ఉన్నాయి. నాల్‌బంద్‌లు ఎడ్ల గిట్టలు చెక్కిన కత్తులు, నాడాలు కొట్టిన సుత్తెలు. కళాయి పెట్టేవాళ్ల తోలు తిత్తి ఒకటి. కత్తులు సానబట్టే సికిల్‌గర్‌ల సానరాళ్లు. తిరగలి రాళ్లకు గంట్లు కొట్టే ఉలులు. వడ్లవాళ్ల బాడిశలు, చిత్రికలు. మాదిగల ఆరెలు, రంపెలు. మంగలి పొదులు. ముస్లింలవే ఏరాలని మేము మొదట అనుకున్నం. కొన్నాళ్లకే అది కుదరని పని అని తెలిసింది. ఏ పనిముట్టు ఎవరిదో విడదీయబోతే పనిముట్టే విరుగుతుంది.

భాషే చూడండి. చిత్రికను వడ్లాయన రందా అంటడు. రంధ్రం వేసేదాన్ని బర్మా అంటడు. మూలమట్టాన్ని గునియా అంటడు. సైకిల్ దుకాణంలో ఏ కులపాయనైనా పానా అనే అడుగుతడు. గడ్డపారను సబ్బల్ అనే ఊర్లు పాలమూరులో ఎన్నో. ఈ మాటలు ఏ దర్బారు నుంచీ దిగిరాలేదు. పక్కపక్కన కూచొని పనిచేసినవాళ్లు ఒకరి నోట్ల నుంచి ఒకరు తీసుకున్నవి. ఉర్దూ అంటే ముషాయిరా, ఉర్దూ అంటే ఫర్మానా అని చెప్పేవాళ్లు ఒక్కసారి వడ్ల దుకాణం ముందర నిలబడి వినాలి.

ఇగ మా సంగతి చెప్పాలి. చెప్పకుండా ఈ వ్యాసం ముందుకు పోదు. మేము దూదేకులవాళ్లం. పింజారి అంటారు, లద్దాఫ్ అంటారు, నూర్‌బాషా అంటారు. దేవరకొండ దిక్కు ఒక పల్లెలో మా తాత విల్లు భుజాన వేసుకొని చలికాలం ముందర ఊర్లు తిరిగేవాడు. వాకిట్లో నిలబడి నరం మీద రెండు దెబ్బలు వేస్తే అదే పిలుపు. ఆడవాళ్లు పోయినేటి బొంతలు, మెత్తలు విప్పి గడ్డలు కట్టిన దూదిని తెచ్చి ముందర పోసేవాళ్లు. మా ఇంట్లో మాట తెలుగు. తాతను తాతా అనే పిలిచినం, నాయినను నాయినా అనే పిలిచినం. నల్లగొండకొచ్చి ఉర్దూ బడిలో చేరినంక పక్కపిల్లలు నవ్వితే అబ్బా అనడం నేర్చుకున్నం. ఆ నవ్వు ఇంకా చెవుల్లో ఉంది.

తాత పోయిన కొన్నాళ్లకు నాయిన ఆ విల్లును పాత సామాన్లవాడికి ఇచ్చేసిండు. అప్పుడు మేము చిన్నవాళ్లం. అక్కకు సంబంధాలు చూస్తున్నరు. చూడొచ్చినవాళ్లు గోడకు వేలాడే విల్లును చూస్తే సంబంధం తప్పిపోతదని భయం. అంతకు ముందు ఒకటి అట్లనే తప్పిపోయింది కూడా. వాళ్లు మంచిగానే మాట్లాడిండ్రు, చాయ్ తాగిండ్రు, “దూదేకులోళ్లా” అని ఒక్క మాట అడిగిండ్రు, మళ్లీ రాలేదు. వాళ్లూ నమాజు చదివేవాళ్లే, మేమూ చదివేవాళ్లమే. ఒకే సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడ్డవాళ్లం దస్తర్‌ఖాన్ దగ్గరికొచ్చేసరికి వేరైనం. ఇస్లాంలో కులం లేదు అని వేదికల మీద చెప్పడం సులువు. మా అక్క పెండ్లి నాటికి మా గోడ మీద విల్లు లేదు, మా పేర్ల ముందర షేక్ వచ్చింది.

మళ్లీ కాలేజీ సీటు కోసం కులం సర్టిఫికెట్ కావాల్సి వచ్చింది. 1970లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనుకబడిన తరగతుల జాబితా ప్రకటించినప్పుడు దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషాలను బి గ్రూపులో పెట్టింది. నాయిన మమ్మల్ని వెంటబెట్టుకొని ఆఫీసుకు పోయి, కులం పేరు అడిగితే చుట్టూ చూసి, గొంతు తగ్గించి చెప్పిండు. పెండ్లి దగ్గర దాచిన మాట ఆఫీసు దగ్గర చెప్పక తప్పలేదు. ఆ రెండు గుమ్మాల నడుమ నలిగిన మనిషి మా నాయిన ఒక్కడే కాదు. ఈ వ్యాసం చదివేవాళ్లలో అట్లాంటి కొడుకులు, బిడ్డలు చాలామంది ఉంటారని మాకు తెలుసు.

ఆ విల్లు ఏమిటిది? ఎక్కడి నుంచి వచ్చింది?

మనిషి నిలువంత కట్టె. ఒక కొసకు వెడల్పాటి చెక్క. ఈ కొస నుంచి ఆ కొసకు బిగించి కట్టిన పేగు నరం. దూలానికో వంచిన వెదురుకో తాడుతో వేలాడగడతారు, బరువు చేతి మీద పడకుండ. ఎడమ చేత విల్లు పట్టుకొని నరాన్ని దూదిలో ఉంచి, కుడిచేత దస్తాతో నరం మీద కొడతారు. నరం అదురుతుంది. ఆ అదురుకు దూది పోగులు విడివడి ఎగురుతాయి, దుమ్ము, విత్తుపొట్టు కిందికి రాలుతుంది. పత్తి నుంచి గింజ తీసిన తర్వాత నూలు వడకడానికి ముందు జరగాల్సిన పని ఇది. ఏకిన దూదిని చుట్టితే ఏకులు. ఏకు మేకైంది అనే సామెత తెలుగువాళ్లందరికీ తెలుసు. ఆ ఏకు ఎవరి చేతుల్లో తయారైందో అడిగినవాళ్లు తక్కువ.

రాట్నం గురించి మన దేశంలో తొలినాటి సాక్ష్యంగా చరిత్రకారులు ఎత్తిచూపేది దక్కన్‌లో రాసిన ఒక ఫార్సీ పుస్తకం. 1350లో, బహమనీ మొదటి సుల్తాన్ కాలంలో, ఇసామీ రాసిన ఫుతూహుస్సలాతీన్. అందులో రాట్నం ఎట్లా వచ్చిందో తెలుసా? రజియా సుల్తానా గద్దెనెక్కడాన్ని తప్పుపడుతూ, ఆడదానికి తగింది రాట్నమే అని చెప్పడానికి వచ్చింది. పనిముట్టు పుస్తకానికెక్కింది ఎత్తిపొడుపు కోసం. వడికినామె పేరు లేదు, ఏకినాయన పేరు అంతకన్నా లేదు. దర్బారు చరిత్రల దగ్గర మేము ఆశించగలిగింది ఇంతే.

1969లో ఇర్ఫాన్ హబీబ్ పదమూడు, పద్నాలుగు శతాబ్దాల సాంకేతిక మార్పుల మీద మాట్లాడుతూ రాట్నాన్ని, దూదేకే విల్లును తుర్కుల రాకతో ముడిపెట్టి చూపిండు. తర్వాత విజయా రామస్వామి దక్షిణాది ఆధారాలు ముందుపెట్టి ఇక్కడి నేత పరికరాల చరిత్ర అంతకన్నా పాతదని వాదించింది. ఈ వాదంలో ఎవరు గెలుస్తరు అన్నది పండితులు తేల్చుకోవాల్సిన సంగతి. మాకు వేరే సంగతి ముఖ్యం. విల్లు బయటి నుంచి వచ్చిందంటే, మీరు బయటివాళ్లు అని మమ్మల్ని అనేవాళ్లకు సంబరం. అదే వాదాన్ని చూపి, చూశారా దేశానికి రాట్నం ఇచ్చింది మేమే అని మావాళ్లల్లో కొందరికి సంబరం. మా తాతకు ఈ రెండు సంబరాలూ తెల్వవు. ఆయనకు తెలిసింది సాయంత్రం దాకా కొడితే భుజం ఎట్లా పీకుతుందో, దూది దుమ్ము ఛాతీలో చేరితే రాత్రి ఎట్లా దగ్గొస్తుందో. ఎక్కడ పుట్టిందన్నది ఒక ప్రశ్న. ఆరేడు వందల ఏండ్లు ఎవరు మోసిండ్రు అన్నది ఇంకో ప్రశ్న. రెండో ప్రశ్నకు జవాబు మా భుజాల మీద ఉంది.

గాంధీ ఆత్మకథలో ఒక చిన్న ముచ్చట ఉంది. నూలు వడకడానికి రాట్నాలు దొరికినయి, ఏకులు దొరకడం కష్టమైంది. గంగాబెన్ వెతికి ఒక దూదేకే మనిషిని పట్టుకొచ్చింది. నెలకు 35 రూపాయలు, ఇంకా ఎక్కువే కావాలన్నడు ఆయన. అప్పటికి ఎంతైనా సరే అని గాంధీ ఒప్పుకున్నడు. గంగాబెన్ పేరు మనకు తెలుసు, రాట్నం దొరికిన ఊరు విజాపూర్ అని తెలుసు. స్వదేశీ ఉద్యమానికి దూది ఏకి, తన చెమటకు ధర కట్టి అడిగిన ఆ మనిషి పేరు మాత్రం పుస్తకంలో లేదు. జెండా మీదికి రాట్నం ఎక్కింది. విల్లు గోడకే మిగిలింది.

విల్లు ఒక్కరి సొత్తు కూడా కాదు. కట్టె చెక్కింది వడ్లాయన. నరం మేక పేగుతో చేసింది, దానికి కటికె దుకాణం కావాలె. నరం ఒరిసే చోట వేసే తోలు ముక్క మాదిగింటి నుంచి రావాలె. దూది రైతుది. ఏకినంక వడికింది ఇంటింటి ఆడది, నేసింది సాలె. ఒక్క నరం మీద ఏడెనిమిది కులాల చేతులున్నాయి. ఊరంటే ఇదే అని మేము కమ్మగా చెప్పబోవడం లేదు. ఆ చేతులు కలిసి పనిచేసినా కలిసి తినలేదు. మా తాతకు వాకిట్లో దూది పోసేవాళ్లు, నీళ్లు అడిగితే దోసిట్లో పోసేవాళ్లు. పనిముట్టు అంటుకోలేదు గని మనిషి అంటుకున్నడు.

2007లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ముస్లింలలోని వెనుకబడిన సమూహాలకు బి.సి. ఇ గ్రూపు కింద 4 శాతం రిజర్వేషన్ చట్టం చేసింది. ఆ జాబితాను మేము వార్త కోసం చదవలేదు, పనిముట్ల పట్టీ లెక్క చదివినం. అత్తరు సాయిబులు, అచ్చుకట్టలవాళ్లు, ధోబీలు, హజాంలు, ఖురేషీలు, ఫకీర్లు. ఒక వరుసలో అయితే చక్కిటాకనేవాలే, తిరుగటిగంట్లవాళ్లు, రోళ్లకు కక్కు కొట్టేవాళ్లు, పత్తర్ ఫోడులు, తురకకాశ. ఒకే పని, పిలుపులు ఎన్నో. తిరగలి రాయి అరిగి నున్నగైతే గింజ నలగదు. ఉలి, సుత్తె పట్టుకొని వచ్చి రాయి మీద చుక్క చుక్కగా గంట్లు పెట్టి మళ్లీ గరుకు చేసేవాళ్లు వీళ్లు. కరెంటు గిర్నీ వచ్చింది, తిరగలి మూలకు పడ్డది, రోలు వాకిట్లో పిట్టలకు నీళ్లు పోసేందుకు మిగిలింది. పని పోయింది. పని పేరు మాత్రం కులం పేరై సర్కారు జాబితాలో నిలిచింది. మనిషిని పనిముట్టు పేరుతో పిలిచిన దేశం ఆ పనిముట్టును దాచిపెట్టుకోలేదు.

కళాయి సంగతి కూడా అంతే. రాగి గిన్నె, ఇత్తడి గిన్నె లోపల తగరపు పూత లేకుంటే పులుసు చిలుమెక్కి విషమైతది. కళాయి మనిషి వాకిట్లో చిన్న గుంట తవ్వి, తిత్తి బిగించి, బొగ్గు రాజేసి, గిన్నె కాలినంక నవసాగరం పొడి చల్లేవాడు. తెల్లటి పొగ లేచేది. తగరం కడ్డీ తాకించి దూది ముద్దతో ఒక్క చుట్టు తిప్పితే గిన్నె లోపల అద్దమయ్యేది. పిల్లలందరం చుట్టూ నిలబడేవాళ్లం. అల్యూమినియం వచ్చింది, స్టీలు వచ్చింది, కళాయి మనిషి రావడం మానేసిండు. ఆయన ఎటు పోయిండని ఊరు అడగలేదు. పాలమూరు లేబర్‌లో కలిసిండా, పట్నంలో రిక్షా తొక్కిండా, దుబాయిలో కాంక్రీటు మోసిండా. అడగని ఊర్లో మేమూ ఉన్నం.

1948 గురించి మాట్లాడకుండా ఈ రెండు జిల్లాల ముస్లింల చరిత్ర రాస్తే అది సగం రాతే. రజాకార్ల దుర్మార్గాలను మేము దాచం. ఆ ఏడు ఆగస్టులో రజాకార్లు చంపిన షోయబుల్లాఖాన్ ఉర్దూ జర్నలిస్టు, మా వృత్తివాడు. దేశ్‌ముఖ్ మీద కోర్టుకెక్కి భూమి కోసం ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీ అప్పటి నల్లగొండ జిల్లా రైతు. వాళ్లూ మావాళ్లే. కానీ సెప్టెంబర్‌లో పోలీసు చర్య ముగిసినంక సంస్థానంలో ఏం జరిగిందో చూడమని నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం రాసిన నివేదిక దశాబ్దాల పాటు జనం కంట పడలేదు. ఆ నివేదిక ప్రకారం సంస్థానం మొత్తం మీద చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా. ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్, ఈ నాలుగు జిల్లాల్లో కలిపి కనీసం 5 వేలు. నల్లగొండ పేరు అక్కడ ఉంది. మా బడి పుస్తకంలో మాత్రం లేదు.

ఆ నివేదికలోనే ఇంకో సంగతి ఉంది. ఒకే వృత్తి చేసుకునేవాళ్ల మధ్య ఆదరణ ఎక్కువగా కనిపించిందని రాసిండ్రు. కొన్ని చోట్ల హిందూ నేతగాళ్లు ముస్లిం నేతగాళ్లను కాపాడిండ్రు, ఆ కాపాడడంలో తమ ప్రాణాలు కూడా పోగొట్టుకున్నరు. ఈ వాక్యాల దగ్గర మేము చాలాసేపు ఆగినం. మతం పేర కత్తి లేచిన రోజున మగ్గం అడ్డం నిలిచింది. గంగా జమునా తహజీబ్ అని నవాబుల విందుల ముచ్చట్లు చెప్పే బదులు ఈ నేతగాళ్ల ముచ్చట చెప్పుకుంటే మాకు ఎక్కువ బలం వచ్చేది.

పనిముట్లు బాగుచేయడం మేము తప్పులతోనే నేర్చుకున్నం. మొదట్లో దొరికిన బాడిశను కరెంటు గ్రైండరు మీద పెట్టి తళతళలాడించినం. పిడి తీసేసి కొత్తది వేయించి వార్నిష్ పూసినం. గొప్పగా మహబూబ్‌నగర్ దిక్కు ఒక ముసలి కమ్మరాయనకు చూపించినం. ఆయన అటూ ఇటూ తిప్పి, “దీన్ని సంపినవు కొడుకా” అన్నడు. గ్రైండరు వేడికి అలుగు నీలమైంది, పదును పోయింది. ఇనుము మీద చేసినాయన కొట్టిన గుర్తు పోయింది. పాత పిడి మీద బొటనవేలు ఆనిన పల్లం ఉండె, అది పొయ్యిలో పోయింది. చరిత్ర అని తెచ్చి చరిత్రనే గీకి పారేసినం.

అప్పటినుంచి ఆయన చెప్పిన పద్ధతే. తుప్పు పట్టిన ఇనుమును ఒక రాత్రి గాసునూనెలో నానబెట్టాలి. తెల్లారి గోనెగుడ్డతో, ఇటుకపొడితో మెల్లగ రుద్దాలి. మొండి తుప్పుకు చింతపండు పులుసు, కానీ గంటలు గంటలు వదిలేయొద్దు, తీసిన వెంటనే కడిగి, తుడిచి, ఎండలో ఆరబెట్టి నూనె రాయాలి. అలుగును సానరాయి మీద నీళ్లు చల్లుకుంటూ చేత్తోనే నూరాలి, వేడెక్కనీయొద్దు. పిడి వదులైతే తుమ్మ చీలికతో చెక్క కొట్టాలి, పిడి మార్చొద్దు. ఎండిన కట్టెకు అవిసెనూనె తాపాలి. చేతి గుర్తులు, దెబ్బలు, అతుకులు ఏవీ చెరపొద్దు. తుప్పు వేరు, వాడిక వేరు. రెంటినీ గుర్తుపట్టడానికే మాకు మూడేండ్లు పట్టింది.

ఈ పాఠం ఇనుము దగ్గర ఆగేది కాదు. మా మీద ఇవాళ రెండు గ్రైండర్లు తిరుగుతున్నయి. ఒకరు మా తెలుగు, మా పీర్లు, మా కందూర్లు తుప్పు అంటరు, గీకేస్తే అసలు ముసల్మాను కనిపిస్తడంటరు. ఇంకొకరు మా కల్మా, మా ఉర్దూ, మా టోపీ తుప్పు అంటరు, గీకేస్తే అసలు దేశస్థుడు కనిపిస్తడంటరు. ఇద్దరూ గీకేది వాడికనే. ఊర్లల్ల నాల్ సాహెబ్ పీరును లేపే రోజున దట్టీలు కట్టే చేతులు ఎవరివో చూసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కరలేదు. గుర్రపు నాడా ఆకారాన్ని ఎత్తుకొని మొక్కిన జనం, ఎడ్లకు నాడాలు కొట్టిన నాల్‌బంద్‌ను మరిచిపోవడమే మాకు బాధ.

కళాయి తిత్తి తోలు ఒక చోట చిరిగి ఉండె. మిషను కుట్టుకు అది ఆగదు. దేవరకొండ దిక్కే ఒక మాదిగ పెద్దమనిషి దగ్గరికి తీసుకపోయినం. ఆయన తిత్తిని ఒళ్లో పెట్టుకొని పాత కుట్టు మీద వేలు నడిపిండు. “ఈ కుట్టు మాదే. సాయిబు మా నాయినతోని కుట్టించుకున్నట్టుంది” అన్నడు. పైసలు ఇయ్యబోతే సగమే తీసుకున్నడు. దళిత ముస్లిం ఐక్యత మీద మేము ఎన్నో సభల వార్తలు రాసినం. ఆ కుట్టు ముందర ఆ వార్తలు చాలా పలుచనివి అనిపించింది.

ఈ పిచ్చి మా ఒక్కరిదే కాదు. అమెరికాలో పెన్సిల్వేనియాకు చెందిన హెన్రీ మెర్సర్ 1897లో పాత సామాన్లు అమ్మే చోటికి పొయ్యి పట్టకార్ల కోసం పోయి, అక్కడ గుట్ట పడ్డ పాత పనిముట్లను చూసి ఆగిపోయిండు. యంత్రాలు వచ్చినంక ఎవరికీ అక్కర లేక పారేసినవి అవి. అప్పటిదాకా ఆయన తవ్వకాలు చేసే పురావస్తు పండితుడు. మట్టి కింద వెతికే చరిత్ర మట్టి పైనే పడి ఉందని ఆయనకు ఆ రోజు తెలిసింది. వేలాది పనిముట్లు పోగుచేసి, డోయిల్స్‌టౌన్‌లో వాటికో పెద్ద భవనం కట్టి 1916లో తెరిచిండు. ఇవాళ్టికీ జనం చూస్తున్నరు. మన దగ్గర అహ్మదాబాద్‌లో సురేంద్ర పటేల్ వంటపాత్రల కోసమే ఒక మ్యూజియం నిలబెట్టిండు. తెలంగాణలో జయధీర్ తిరుమలరావు వంటివాళ్లు జానపదుల, ఆదివాసుల వాయిద్యాలు, వస్తువులు ఏండ్ల తరబడి సేకరించి జనం ముందర పెట్టిండ్రు.

మా రెండు జిల్లాల్లో సర్కారు మ్యూజియాలు ఉన్నయి. నల్లగొండ పక్కన పానగల్లులో ఉంది, మహబూబ్‌నగర్ పక్కన పిల్లలమర్రిలో ఉంది. పోయి చూడండి. శిల్పాలు, శాసనాలు బాగున్నయి. ఆ శిల్పాన్ని చెక్కిన ఉలి ఎక్కడ అని అడగండి. ఒక్క గది చాలు. అందులో విల్లు, దస్తా, తిత్తి, రంపె, బాడిశ, సారె, మగ్గం పక్కపక్కన పెట్టాలి. ఇది హిందువులది, ఇది ముస్లింలది అని వేరు గోడలు వద్దు. ప్రతి వస్తువు కింద దాన్ని వాడిన మనిషి పేరు, ఊరు, కులం రాయాలి. కులం ఎందుకు అంటారేమో. దాచితే పోయేదైతే మా నాయిన దాచిన నాడే పోయేది.

దస్తాను ఇంటికి తెచ్చిన రోజు నాయిన ముందర పెట్టినం. ఆయనకు డెబ్బై దాటింది. చాలాసేపు ముట్టలేదు. కండ్లజోడు తుడుచుకున్నడు. తర్వాత తీసుకొని గాడి మీద వేలు పెట్టి, “ఇది ఎడమచేతివాటం మనిషిది. మీ తాతది కాదు” అన్నడు. మాకు అప్పటిదాకా అది తట్టనే లేదు. మేము ఎన్నిసార్లు తుడిచినం, నూనె రాసినం, గాడి ఏ దిక్కున్నదో చూడలేదు. ఆ మాట తర్వాత నాయిన ఇంకా చెప్పుకుంటూ పోయిండు. నరం ఎట్లా బిగిస్తరో, వానకాలం నరం ఎందుకు సాగుతదో, పాత దూది ఏకేటప్పుడు దెబ్బ ఎట్లా తగ్గించాలో. విల్లు పట్టనే పట్టనట్టు నలభై ఏండ్లు మసలిన మనిషికి అంతా గుర్తుంది. చివరికి విల్లు ఎందుకు అమ్మినవు అని మేము అడగలేదు. ఆయనే అన్నడు: “అది పన్నెండు రూపాయలకు పోయింది.” ధర కూడా గుర్తుంది.

దస్తా కింద పెట్టే చీటీ మీద ఇప్పటికి రాసింది ఇంతే: దూదేకే దస్తా, నల్లగొండ, ఎడమచేతివాటం మనిషిది, పేరు తెలియదు. ఆ చివరి మాట మమ్మల్ని కుదురుగా ఉండనీయడం లేదు.

అందుకే చదువరులకు ఒక మనవి. మీ అటకల మీద, గొడ్లకొట్టంలో, గోడ చూరులో ఇట్లాంటివి ఉంటే పాత సామాన్లవాడికి వేయకండి. మాకు ఇయ్యమని అనడం లేదు, మీ దగ్గరే ఉంచండి. ఇంట్లో పెద్దవాళ్లను కూచోబెట్టి ఇది ఎవరిది, ఏ పని చేసిండ్రు, ఏ ఊర్లు తిరిగిండ్రు, ఏం పేరుతో పిలిచేవాళ్లు అని అడిగి రాసుకోండి. సిగ్గుపడి చెప్పకపోతే మళ్లీ అడగండి. తుప్పు ఎప్పుడైనా వదిలించొచ్చు. చెప్పేవాళ్లు పోతే పేరు దొరకదు.